బీటా బాబాయి

"మీ బాబాయి గొంతు నీ కాడ ఎక్కడైనా ఉన్నాదేటమ్మా?"

పొద్దున్నే పిన్ని ఫోను. ఆయన పోయి నెల కూడా కాలేదు. ఇంట్లో కరివేపాకు ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది గానీ, ఆ మాట అనడానికి ముందు ఫోను చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చుని ఉంటుందో నాకు తెలుసు.

"ఎందుకుండదు పిన్నీ, బోలెడుంటుంది. చూసి పంపిస్తాను," అన్నాను. అనేసి ఫోను పక్కన పెట్టాక గానీ నా బుర్ర పని చెయ్యలేదు. ఈ జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రామనవమి పందిళ్లు సగానికి సగం టేపు మీదకి ఎక్కించిన మనిషి ఆయన. అందరి గొంతులూ ఆయన దగ్గర ఉన్నాయి. ఆయన గొంతు మాత్రం ఎవరి దగ్గరా లేదు. నా ఫోనంతా గాలించాను. ఫోటోలున్నాయి. వీడియోలు కూడా ఉన్నాయి, వాటిలో ఆయన ఓ మూల నోరు మూసుకుని నిలబడి ఉన్నారు. రికార్డవుతుంటే మాట్లాడకూడదు, ఇది ఆయన తనకి తాను పెట్టుకున్న చట్టం. ఎదుటివాళ్లు ఫోను ఎత్తితే చాలు, మాట సగంలో ఉన్నా టక్కున ఆపేసేవారు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీ పంపండి బాబాయ్ అంటే, "అందులో వచ్చేది మనిసి గొంతేనేటి? రేకు డబ్బాలో ఈగ," అని కొట్టిపారేసేవారు. ఇప్పుడు ఆ ఈగ దొరికినా చాలని వెతుకుతున్నాం.

మాకు ఆయన రక్తసంబంధం ఏమీ కాదు. మా నాన్నా ఆయనా ఇచ్ఛాపురం వైపు నుంచి ఇంచుమించు ఒకే కాలంలో ఇక్కడికొచ్చి, కద్మాలో ఒకే వీధిలో అద్దెకి దిగారు. బాబాయి అయిపోవడానికి ఈ ఊళ్లో అంత చాలు. గమ్హరియాలో లారీ సామాన్లు చేసే ఓ ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూసేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. నడుస్తూ నడుస్తూ ఎవరింటి ముందో ఆగిపోయేవారు, లోపల టీవీలో అడుగున మోగే బరువు సౌండు ఆయనకి నచ్చక. తలుపు తట్టి, "బాసు తగ్గించండమ్మా. మనిసి మాటాడతంటే పిండిమర తిరిగినట్టున్నాది," అని చెప్పి తన దారిన తాను వెళ్లిపోయేవారు. తిట్టుకున్నవాళ్లు తిట్టుకున్నారు, తగ్గించినవాళ్లు తగ్గించారు. ఆయన రెండోసారి వెనక్కి తిరిగి చూసేవారు కాదు.

ఆయనకి బీటా బాబాయి అన్న పేరెలా వచ్చిందో చెప్పాలి. ఇళ్లల్లోకి వీడియో కొత్తగా వచ్చిన రోజుల్లో రెండు రకాల క్యాసెట్లుండేవి. బీటామాక్స్ అనేది కాస్త చిన్నది, వీహెచ్ఎస్ కాస్త పెద్దది. దీని క్యాసెట్టు దాని మిషన్లో పట్టదు. ఈయన కలకత్తా వెళ్లి, ఖిదిర్‌పూర్ బజార్లో రెండింటినీ పక్కపక్కన పెట్టించి, ఓ పూటంతా నిలబడి చూసి, బీటా తెచ్చుకున్నారు. భుజానికి తగిలించుకునే రికార్డరు, దానికి వైరుతో ఒక కెమెరా, ఇంట్లో పెట్టుకోడానికి ఇంకో మిషను. "బొమ్మ దీన్లోనే బాగున్నాది. సౌండు దీన్లోనే బాగున్నాది. ఇంకేటి కావాల?" అన్నారట. నిజమే, బాగానే ఉండేది. కానీ జనానికి కావలసింది వేరు. వీహెచ్ఎస్‌లో సినిమా మొత్తం ఒకే క్యాసెట్లో పడుతుంది, సాక్చీ బజార్లో అద్దెకి దొరుకుతుంది, పక్కింటివాళ్ల దగ్గరా అదే ఉంటుంది. చూస్తూ చూస్తూండగానే బీటా అన్నది లోకంలోంచే పోయింది, కద్మాలో ఆ ఒక్క ఇంట్లో తప్ప.

అప్పటికే మావాళ్లు చేయాల్సిన పొరపాటు చేసేశారు. బయటినుంచి వీడియోవాణ్ణి పిలవడం ఎందుకు, మన బాబాయి ఉన్నారు కదా అని పెళ్లిళ్లన్నీ ఆయన చేతిలో పెట్టారు. ఏళ్ల తరబడి పెట్టారు. చివరికి తేలిందేమిటంటే, టెల్కో కాలనీ నుంచి కద్మా దాకా ఉన్న తెలుగు దంపతుల్లో చాలామంది తమ పెళ్లిని తమ ఇంట్లో చూసుకోలేరు. క్యాసెట్టు బీరువాలో పట్టుచీర మడతల్లో భద్రంగా ఉంటుంది. దాన్ని ఆడించే మిషను మాత్రం బాబాయి ముందు గదిలో ఉంటుంది.

దాంతో మాకో ఆచారం పుట్టింది. వేరే ఊరి తెలుగువాళ్లకి చెప్తే నవ్వుతారు. పెళ్లిరోజు సాయంత్రం గుడికి వెళ్లి, అట్నుంచి అటే క్యాసెట్టు పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్లడం. దంపతుల్ని దివాను మీద కూర్చోబెట్టి ఆయన స్టూలు మీద కూర్చునేవారు. పిన్ని కేసరి పెట్టేది. ప్రతి పెళ్లిరోజుకీ కేసరే. కరకరలాడేది ఏదీ ఆ గదిలోకి రాకూడదు, నమిలితే సౌండు పాడవుతుందని. జంతికలు వంటింట్లోనే తిని రావాలి.

మొగుడికి ఊడిపోయిన జుట్టు, పెళ్లానికి సన్నటి నడుం, ఇప్పుడు లేని పెద్దవాళ్లు, ఇవన్నీ తెర మీద కదులుతుంటే వచ్చినవాళ్లు నవ్వడమో కళ్లు తుడుచుకోవడమో చేసేవారు. ఆయన ధ్యాస వేరే. "మీ పెళ్లిలో సన్నాయి బాగా పడ్డాది. తాళి కట్టేకాడ ఎనకాల ఎవుడో కుర్చీ లాగీసినాడు. ఇప్పటికీ మండుతాది నాకు," అనేవారు. ఇన్నేళ్లకి కూడా ఆ కుర్చీ లాగినవాడి మీద కోపం పోలేదు. మాకు పెళ్లి పీటలు గుర్తుంటే ఆయనకి ఆ కుర్చీ గుర్తుండేది.

ఒక ఏడాది టెల్కో కాలనీ నుంచి ఒక జంట వచ్చారు. ఇద్దరికీ మాటల్లేవని అందరికీ తెలుసు. అయినా మానేస్తే నలుగురూ ఏమనుకుంటారో అని వచ్చారు, విడివిడిగా వచ్చారు. దివాను మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మేం కేసరి గిన్నెలు పట్టుకుని ఎటు చూడాలో తెలీక కూర్చున్నాం. బాబాయి తాళి కట్టే చోటు పెట్టలేదు. టేపుని ముందుకి పరిగెత్తించి, భోజనాలయ్యాక జనం పలచబడిన చోట ఆపారు. తెర మీద పెళ్లికూతురు గోడకి ఆనుకుని ఉంది. పెళ్లికొడుకు వచ్చి, కెమెరా ఉందని తెలీక, "తలనొప్పి తగ్గిందా?" అని అడుగుతున్నాడు. అంతే. బాబాయి వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. మూడోసారీ వేశారు.

"ఏం బాబాయ్, అక్కడే తిప్పుతున్నారు?" అన్నాను నేను.

"సౌండు సరిగ్గా వత్తందా నేదా అని సూత్తన్నానమ్మా. నువ్వు కేసరి తిను," అన్నారు నావైపు చూడకుండా.

ఆ ఇద్దరూ ఆ తర్వాత ఎలా సర్దుకున్నారో నాకు తెలీదు, అడగలేదు. మరుసటేడు మాత్రం ఒకే బండి మీద వచ్చారు. బాబాయి వాళ్లకి తాళి కట్టే చోటే వేసి చూపించారు.

బీటా పోయిన తర్వాత కూడా లోకం ఊరుకోలేదు కదా, ఒకదాని తర్వాత ఒకటి తెస్తూనే ఉంది. వీసీడీ వచ్చినప్పుడు అందరం మురిసిపోయాం, పళ్లెంలా ఉంది, చవగ్గా ఉంది అని. ఆయన ఒకటి చూసి, "మొగం మీద గళ్లు పడతన్నాయి. పెళ్లికూతురా, గళ్ల లుంగీయా?" అని లేచిపోయారు. డీవీడీని మాత్రం కాస్త మర్యాదగా చూశారు. దాని తర్వాత బ్లూరే అని ఒకటి, దానికి పోటీగా హెచ్‌డీ డీవీడీ అని ఇంకొకటి వచ్చి కొట్టుకుంటున్నాయని పత్రికలో చదివి, మాకందరికీ వినపడేలా హెచ్‌డీ డీవీడీ వైపు నిలబడ్డారు. అది కూడా పోయింది. ఆ రోజు పిన్ని నవ్వి నవ్వి, "మీ చెయ్యి పడితే చాలు," అంది. ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. ఓడిపోయినవాటి గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో ఒక గౌరవం ఉండేది, మంచి ఉద్యోగి అన్యాయంగా రిటైరైపోయాడన్నట్టు. ఇప్పటి పద్ధతి ఆయనకి అసలు నచ్చేది కాదు. "పళ్లెం నేదు, క్యాసెట్టు నేదు, గాల్లోంచి వత్తందట. రేపు ఆడు తీసీసినాడనుకో, నువ్వెళ్లి ఎవుడింటి తలుపు కొడతావు?" అనేవారు.

హెడ్‌ఫోన్ల విషయంలో ఆయనతో వాదించి నెగ్గినవాళ్లు లేరు. అలిసిపోయి ఒప్పుకున్నవాళ్లే ఉన్నారు. ఆయన దగ్గర రెండు జతలుండేవి. చెవుల్ని పూర్తిగా మూసేసేది ఒకటి, పెళ్లిలో రికార్డు చేసేటప్పుడు పెట్టుకోడానికి. వెనకాల జల్లెడలాగా కన్నాలున్నది ఇంకొకటి, అది ఇంట్లో వినడానికి. లోపలి స్పాంజీ పొడైపోయి చెవుల చుట్టూ నల్లగా అంటుకుంటుంటే, పిన్ని తన పాత నూలుచీర చింపి దిండు గలీబుల్లాగా కుట్టిపెట్టింది. కన్నాలున్న జత అంటే ఆయనకి ప్రాణం. "గాలాడాలమ్మా. గాలాడితే పాట నీ బుర్రలో కాదు, గదిలో పాడతాది," అనేవారు. పిన్ని బాధ పిన్నిది. "ఆ కన్నాల్లోంచి నాకు సగం ఇనపడతాది, సగం ఇనపడదు. ఆ సగం పాటతో పప్పు మాడిపోతంది నాకు."

మా అమ్మాయి పుణె నుంచి వచ్చినప్పుడు చెవిలో దూర్చుకునే కొత్త రకంవి తెచ్చింది, చుట్టుపక్కల రొద అంతా తీసేసేవి. "తాతా, ఏక్ బార్ సున్ తో లీజియే," అని, ఒక్కసారి విని చూడమంటూ ఆయన చెవిలో పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని, పాట సాంతం విని, తీసి, జేబురుమాలుతో తుడిచి వెనక్కిచ్చారు.

"పాట బాగానే ఉన్నాది. పాట సుట్టూ ఉన్నదాన్ని సంపీసినారు. నిశ్శబ్దం కూడా మిషనే సేసి ఇవ్వాలేటి?"

"పర్ తాతా, బస్ మే తో యహీ చాహియే," అంది, బస్సులో అయితే ఇవే కావాలని.

"బస్సులో పాటెందుకే? బస్సులో బస్సు వినాల," అన్నారు. అది పడీ పడీ నవ్వింది. ఆయన నవ్వలేదు, నిజంగానే అన్నారు.

ఆ తర్వాత రెండేళ్లకేమో, పిన్ని ఓ రోజు నాతో మొరపెట్టుకుంది. కుక్కరు కూతలు లెక్కపెట్టమని చెప్పి పూజకి కూర్చుంటే ఈయన పేపరు చదువుకుంటూ అన్నం మాడ్చేశారట. "పిలిస్తే పలుకుతారు. కుక్కరు కూస్తే మాత్రం ఉలుకూ పలుకూ నేదు. కావాలనే సేత్తన్నారమ్మా." కావాలని కాదని నాకెందుకో ఆ క్షణమే తెలిసిపోయింది. నేను ముందు గదిలోకి వెళ్లి, "బాబాయ్, కుక్కరు వినపడలేదా?" అని అడిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ట్వీటర్లు పోయినాయమ్మా. వూఫర్లు ఉన్నాయి," అన్నారు.

స్పీకరు పెట్టెలో సన్నటి శబ్దం పలికేది ట్వీటరు, బరువైన శబ్దం పలికేది వూఫరు. తన చెవుల గురించి చెప్తున్నారని అర్థమవడానికి నాకో నిమిషం పట్టింది. డాక్టరుకి చూపించుకున్నారట, ఇంట్లో చెప్పలేదట. వయసుతో వచ్చేదే, వెనక్కి రాదన్నారట. కుక్కరు కూత, పిట్టలు, ఫోను గంట, ఆడవాళ్ల పాటలో పైన పలికే సన్నదనం, ఒకటొకటిగా పోతున్నాయి. వినికిడి మిషను పెట్టించాం. వారం పెట్టుకుని తీసేశారు. "ఇది వినడం కాదమ్మా, టాటానగర్ ప్లాట్‌ఫారం మీద అనౌన్సుమెంటు," అన్నారు. ఆయన అలా హాస్యాలాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏ మనిషికి పోవాల్సింది ఏ మనిషికి పోయిందో చూడండి. సౌండంటే పట్టించుకోనివాళ్లు వీధినిండా ఉన్నారు.

నా టేపు సంగతి సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు అమ్మ పాట పాడింది. అమ్మ పాటగత్తె ఏమీ కాదు, వంట చేస్తూ పాడుకునే గొంతు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది, అప్పట్లో మా ఇంట్లో ఉన్నది నొక్కితే నంబరు పడే ఫోనే, దాంట్లో వీడియోలూ లేవు, రికార్డింగూ లేదు. అమ్మ గొంతు అంటే ఇక ఆ బీటా క్యాసెట్టే. ఆ ఏడాది పెళ్లిరోజున మేం వెళ్లి కూర్చుంటే, టేపు ఓ గజం తిరిగి కీచుమంది. అమ్మ మాట దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వచ్చింది. బాబాయి ఒక్క ఉరుకున లేచి ఆపేశారు. ఇంకొక్కసారి వేసినా టేపు నలిగిపోతుంది, మిషను బాగయ్యేదాకా ముట్టుకోవద్దు అన్నారు. బాగవుతుందా అని నేను అడగలేదు. అవ్వదంటే వినే ఓపిక నాకు లేదు.

నెలలు గడిచాయి. బీటా మిషన్లు చెత్తలోకి పోయి ఎంత కాలమైందో. ఆయన గమ్హరియా దగ్గర పాత సామాన్లవాళ్ల కొట్లన్నీ తిరిగి, పాడైపోయిన ఒక మిషను సంపాదించి, దాని లోపలి భాగాలు తీసి దీంట్లో పెట్టారు. ఓ ఆదివారం మధ్యాహ్నం ఫోను చేయించారు పిన్ని చేత. నన్నొక్కదాన్నే రమ్మన్నారు. "తలకి నూనె రాసుకోవద్దని సెప్పమన్నారమ్మా," అంది పిన్ని. ఎందుకో నాకర్థం కాలేదు.

వెళ్లేసరికి మిషను మూత తీసి బల్ల మీద ఉంది. టేపు ఎక్కించి ఉంది. ఆయన కన్నాలున్న ఆ హెడ్‌ఫోన్లు తీసి, నా జడ పక్కకి జరిపి, తన చేతులతో నా చెవుల మీద పెట్టారు. ఎవరినీ తాకనిచ్చేవారు కాదు వాటిని. మా నాన్న అడిగినా ఇవ్వలేదు.

"సౌండు చదివే ముక్క ఒక్క వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా గొంతు మూసుకుపోతాదమ్మా. దాన్ని స్క్రూ తిప్పి నిలబెట్టాల. నిలబడ్డాదో నేదో చెవితో తెలుసుకోవాల. నా చెవి పనికిరాదు. మీ అమ్మ గొంతు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలవదు," అన్నారు. "నువ్వేటీ చెప్పక్కర్నేదు. ఇను, అంతే. నేను నీ మొగం సూత్తాను."

టేపు తిరగడం మొదలైంది. గరగర. జనం రొద. ఆ రొద అడుగున ఎక్కడో అమ్మ. ఆయన స్క్రూడ్రైవరు మిషన్లో పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతున్నారు. మిషను వైపు చూడడం లేదు, నా కళ్లలోకి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది ముందు. అంత వయసొచ్చాక ఎవరైనా మన మొహం అంత శ్రద్ధగా చూస్తారా? దుప్పటి కాస్త తొలగినట్టయింది, మళ్లీ కప్పుకుంది, మళ్లీ తొలగింది. ఉన్నట్టుండి అమ్మ నా పక్కన నిలబడి పాడింది. ముక్కుపుడక పెట్టుకున్నప్పుడు అమ్మకి 'న' పలికేచోట వచ్చే చిన్న బిగింపు ఉండేది. అది కూడా ఉంది. నాకు తెలీకుండానే నోటిమీద చెయ్యి పెట్టుకుని ఏడ్చేశాను.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కదలకుండా పట్టుకుని, "ఏమే, ఆ గోళ్ల రంగు తే," అన్నారు పిన్నితో. ఆవిడ ఎర్రటి సీసా తెచ్చింది. స్క్రూ కదిలిపోకుండా దాని నెత్తిన ఒక చుక్క వేసి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నారు. ఆ వేళే ఆ పాటంతా కంప్యూటర్లోకి ఎక్కించారు.

నేను కళ్లు తుడుచుకుని హెడ్‌ఫోన్లు తీసి ఆయనకివ్వబోయాను. "మీరూ వినండి బాబాయ్."

"నాకు ఇనపడక్కర్నేదమ్మా. తీసిన రోజు ఇన్నాను," అన్నారు.

ఆ తర్వాత ఆయన ఖాళీగా లేరు. ఒక్కొక్కరి ఇంటి నుంచి ఒక్కొక్కరిని, ఆ టేపులోని గొంతులు తెలిసినవాళ్లని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి మొహాలు చూస్తూ, వీలైనన్ని పెళ్లిళ్లు టేపుల్లోంచి బయటికి తీశారు. ఈ చలికాలంలో ఒక ఉదయం టీ తాగి, కప్పు కింద పెట్టి, అలాగే వెనక్కి వాలిపోయారు. పిల్లల్లేరు వాళ్లకి. కర్మకాండ మా అన్నయ్య చేశాడు.

పిన్ని ఫోను చేసిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరం కూర్చుని ఆయన కంప్యూటర్లోకి ఎక్కించిన పెళ్లిళ్లన్నీ మొదలూ చివరా చూస్తూ ఒకటొకటే తిరగేశాం. ఎక్కడా ఒక్క ముక్క లేదు. మొదలుపెట్టేటప్పుడు చేత్తో సైగ చేసేవారు, ఆపేటప్పుడు అరచెయ్యి కెమెరాకి అడ్డం పెట్టేవారు. అంతే. "ఇదిగో పిన్నీ, చెయ్యి," అన్నాను ఏదో ఒకటి దొరికిందన్నట్టు.

"చెయ్యి నాకెందుకమ్మా? చెయ్యి గుర్తున్నాది. గొంతే పోతంది," అంది పిన్ని. "పొద్దున్న లేవగానే 'ఏమే' అని పిలిచినట్టుంటాది. అది మీ బాబాయి గొంతో, నాను కల్పించుకున్న గొంతో తెలవట్లేదు. ఇంకో ఏడాది పోతే అదీ ఉండదు."

ఈ బాధ నాకు తెలుసు. నన్ను దాంట్లోంచి బయటపడేసిన మనిషే ఆయన.

పిన్నే తేరుకుని, "పోనీ మీ అమ్మ పాట పెట్టు. ఆ పన్లో ఎంత సంబరపడ్డారో మనిసి," అంది. నేను హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి పెట్టి, పాట వేశాను. ఆవిడ గోడవైపు చూస్తూ వింటోంది. ఒక చరణం అయింది. చప్పున చెయ్యి ఎత్తింది.

"ఎనక్కి తిప్పు."

తిప్పాను. మళ్లీ అక్కడికొచ్చేసరికి కళ్లు మూసుకుంది.

"ఏమైంది పిన్నీ?"

"ఇక్కడున్నారు."

హెడ్‌ఫోన్లు తీసుకుని నేను విన్నాను. అమ్మ చరణం ముగించి ఊపిరి తీసుకోడానికి ఆగుతుంది కదా, ఆ సందులో జనం రొద, ఎవరిదో గాజుల చప్పుడు. వాటికన్నా దగ్గరగా, మైకు పక్కనే, సన్నగా ఏదో. ఆ పాట నేను ఎన్నిసార్లు విన్నానో, అదెప్పుడూ నా చెవినపడలేదు. నేను అమ్మనే విన్నాను. "టేపు గరగర అది, పిన్నీ," అన్నాను.

"గరగర కాదు. ముక్కు. ఎడంపక్క మూసుకుపోతాది ఆయనకి, నిద్దట్లో కూడా అలాగే తీత్తారు. నలభై ఏళ్లు పక్కలో ఇన్నాను, నాకు తెలవదేటి?" అంది పిన్ని. మళ్లీ పెట్టమంది. ఈసారి ఇంకొంచెం ముందుకెళ్లి, రెండో చరణం తర్వాత ఆగే చోట, ఆవిడ మొహం మారిపోయింది. "ఏడుత్తన్నారు," అంది మెల్లగా. "ఏడుపు ఆపుకుంటే ఇలాగే ఎగబీలుత్తారు. సూడమ్మా, ఊరందరి ఆడపిల్లల్నీ కెమెరాలో సాగనంపినారు, ఒక్కసారైనా నాకు సెప్పనేదు."

ఇద్దరం ఏడ్చాం. దాచుకోడానికి అక్కడెవరూ లేరు.

తర్వాత పిన్ని కొంచెం మొహమాటంగా అడిగింది. "నువ్వేటీ అనుకోకపోతే... మీ అమ్మ పాట తగ్గించి, ఆయన్ని ఒక్కరినే ఇనడం అవుతాదేటమ్మా?"

"అవదు పిన్నీ. ఇద్దరూ ఒకే దాంట్లో కలిసిపోయి ఉన్నారు."

"అయితే ఒగ్గీ. పాడనీ ఆవిడ్ని. మొదట్నుంచి పెట్టు," అంది.

పెట్టాను. హెడ్‌ఫోన్ల కన్నాల్లోంచి సన్నగా నాకూ వినపడుతోంది. అమ్మ గొంతు కోసం ఎంత అల్లాడానో నాకే తెలుసు. ఆ మధ్యాహ్నం మాత్రం పిన్ని పక్కన కూర్చుని, అమ్మ పాడడం ఎప్పుడు ఆపుతుందా అని ఎదురుచూశాను.